అన్న పేరు పక్కన పచ్చచుక్క

జూన్ 9, సోమవారం

మీటింగ్‌లో మా బాస్ హితేశ్‌భాయ్ మా చీరల సైట్ తెరిచి చూపించాడు. పేజీ కిందికి జరిపితే చీర కొంగు విచ్చుకోవాలి. సగంలో ఆగిపోతోంది. బ్రౌజర్ అప్‌డేట్ వచ్చినప్పటి నుంచీ ఇంతే. ఆ కొంగును కదిలించే కోడ్ లైబ్రరీ పేరు 'పోగు', ఎవరైనా తెచ్చి తమ సైట్‌లో వాడుకోవచ్చు. పోయిన వానాకాలం నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. "మరా హువా లైబ్రరీ హై, నికాలో" అన్నాడు, చచ్చినదాన్ని తీసెయ్యమని. నెలాఖరుకల్లా వేరేది ఎంచి పెట్టమన్నాడు. సరే అన్నాను.

దాన్ని రాసింది మా అన్న కమలాకర్ అని ఆఫీసులో ఎవరికీ తెలియదు. పోయిన వానాకాలంలోనే, సూరత్ బయట పల్సానా రోడ్డు మీద, బైక్ జారి.

ఇంతకన్నా రాయలేను.

జూన్ 10

'పోగు' బదులు వాడదగ్గవి రెండు దొరికాయి. ఒకటి పెద్ద కంపెనీది. డాక్యుమెంటేషన్ చక్కగా ఉంది, కొంగు నున్నగా కదులుతోంది. కానీ కంపెనీకి విసుగొస్తే ఒక్క రోజులో మూసేస్తుంది. రెండోది వేర్వేరు ఊళ్ళలో ఉన్న నలుగురు కలిసి నడిపేది. కాస్త బరువు. కొంగు ఒక క్షణం ఆలస్యంగా లేస్తుంది.

రెండింటిలోనూ అది ఎవరో పరాయి ఆవిడ కొంగులా ఉంది. 'పోగు' రాసేటప్పుడు అన్న, అమ్మను డాబా మీద నడిపించి, గాలికి ఆమె కొంగు ఎట్లా లేస్తుందో చూసి, ఆ ఊపునే కోడ్‌లో పెట్టాడు. వీడియో తీసింది నేనే.

జూన్ 12

'పోగు'నే బాగుచేయొచ్చేమోనని అన్న లాప్‌టాప్ తెరిచాను. దాన్ని వాడేవాళ్ళ చాట్ గ్రూప్ దానంతట అదే తెరుచుకుంది. అన్న ఫోటో పక్కన పచ్చచుక్క వెలిగింది. ఆన్‌లైన్.

వెంటనే మెసేజ్. కరీంనగర్ పరమేశ్. అన్నతో కలిసి కోడ్ రాసేవాడు. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు. అన్న పోయాక అతనికి ఎట్లా చెప్పాలో మాకు తెలియలేదు. "ఏడవోయినవ్‌రా ఇన్నొద్దులు? మమ్ముల మర్సినవా?" అని రాశాడు.

"ఈడనే ఉన్న" అని కొట్టాను.

జూన్ 13

నేనెందుకు అట్లా రాశాను?

జూన్ 16

బగ్ దొరికింది. సరిచేసి అన్న పేరు మీదే రిలీజ్ చేశాను. కొంగు పూర్తిగా విచ్చుకుంది. గ్రూపులో అందరూ వెల్‌కమ్ బ్యాక్ అన్నారు. అందరికీ థాంక్స్ చెప్పాను. హితేశ్‌భాయ్ "జిందా హో గయా!" అని బల్ల చరిచాడు. బతికొచ్చిందట, ఇక మార్చక్కర్లేదట.

సాయంత్రం అమ్మ ఆ పచ్చచుక్క చూసి ఏందది అని అడిగింది. మనిషి ఉన్నట్టు గుర్తు అని చెప్పాను. చాలాసేపు చూసింది. లాప్‌టాప్ మూయబోతే చెయ్యి పట్టుకుంది. "జర గట్లనే ఉండనియ్ బిడ్డా" అంది. లోపలికి వెళ్ళి టీ తెచ్చి దాని పక్కన పెట్టింది.

నాకు భయం వేసింది. అమ్మను చూసి కాదు. ఆ టీ అన్న తాగుతాడని ఒక్క క్షణం నేనూ అనుకున్నాను.

జూన్ 19

పరమేశ్ ఆదివారం సూరత్ వస్తున్నాడట. చెల్లెలి పెళ్ళికి చీరలు కొనాలట. "ఈసారన్న నీ మొకం సూస్త" అన్నాడు. ఇంటి అడ్రస్ అడిగాడు. పంపించాను. ఎందుకు పంపానో, ఏం చెప్పబోతున్నానో తెలియదు.

జూన్ 20

రేపు చెప్తా రేపు చెప్తా అనుకుంటూ ఇవాళ కూడా గుడ్ మార్నింగ్ పెట్టాను. అన్నలాగా.

జూన్ 22, ఆదివారం

వచ్చాడు. చెప్పులు విప్పలేదు. గుమ్మం దగ్గరే నిలబడి కమలాకర్ ఏడీ అని కోపంగా అడిగాడు. నేను గోడ మీది ఫోటో చూపించాను. దండ వేసిన ఫోటో. మా అన్న అన్నాను.

అతనికి రిలీజ్ చేసిన రోజే అనుమానం వచ్చిందట. "మీ అన్న జిందగీల ఎవలకన్న థాంక్స్ చెప్పిండా?" అన్నాడు. ఎవరో అకౌంట్ దొంగిలించి, లైబ్రరీలో దొంగ కోడ్ దూర్చుతున్నారనుకున్నాడు. పట్టుకుందామని వచ్చాడు. పెళ్ళి చీరలు అబద్ధం.

తప్పయింది, ఆ పని చేసింది నేనే అన్నాను. అప్పుడు కూలబడ్డాడు. "యాడాదంత తిట్టుకున్న చెల్లె. జవాబియ్యడు, పొగరెక్కింది అని తిట్టుకున్న" అని ఏడ్చాడు. అమ్మ అతని తల మీద చెయ్యి వేసి, అన్నం తిని పో కొడుకా అంది. తిన్నాడు. అన్న చాట్‌లో ఎట్లా మాట్లాడేవాడో అమ్మ అడిగి అడిగి చెప్పించుకుంది.

జూన్ 24

హితేశ్‌భాయ్‌కి అంతా చెప్పాను. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

నలుగురు నడిపేదాన్నే ఎంచుకున్నాను. కొంగు ఆలస్యంగా లేచినా సరే. ఒకరు మాట్లాడకపోతే, ఏమైందని వెతకడానికి ఇంకో ముగ్గురు ఉంటారు.

'పోగు' పేజీలో నా పేరుతో నోటీసు పెట్టాను. దీన్ని రాసిన కమలాకర్ పోయినేడు చనిపోయాడు, జూన్‌లో అతని పేరుతో రాసింది నేను, దయచేసి వేరే లైబ్రరీకి మారండి అని. పరమేశ్ ఒకసారి చదివి, సరే పెట్టు అన్నాడు. అన్న అకౌంట్ నుంచి బయటికొచ్చాను.

జూన్ 27

నోటీసు కింద అన్న కోసం ఎవరెవరో రాస్తున్నారు. కొన్నింటిలో అక్షరాలు ఇంగ్లీషువే, భాష ఏదో తెలియదు. తర్జుమా చేసి చెప్తానంటే అమ్మ వద్దంది. ఉన్నదున్నట్టు చదవమంది. అర్థం కాకుండానే చదివాను. అమ్మ ప్రతి మాటకూ ఊ కొట్టింది.