రాయకుండా వదిలేసిన వాక్యం

గుడివాడ,
ఆగస్టు 5.

ప్రియమైన ఝాన్సీ వదినకి,

ఫోన్ చేద్దామని నాలుగుసార్లు నీ నంబరు తీసి మళ్ళీ పక్కన పెట్టేశాను. నీ గొంతు వింటే చెప్పాల్సింది చెప్పను. హాసిని ఎలా చదువుతోందని అడిగి పెట్టేస్తాను. అందుకే ఈ ఉత్తరం. హాసిని ఇంట్లో లేనప్పుడు చదువు. ఎక్కడా ఆపకుండా చదువు.

నిన్న నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. అన్నయ్య పోవడం గురించి నేను రాసిన వ్యాసాన్ని పంద్రాగస్టు నాడు అందరి ముందూ చదవమని హాసినికి వాళ్ళ హెడ్మాస్టరు గారు చెప్పారనీ, అది అద్దం ముందు నిలబడి బట్టీ పడుతోందనీ అన్నావు. వెనకాల దాని గొంతు కూడా వినపడింది. "పోయిన కరెంటు ఉన్నట్టుండి వచ్చింది. మా నాన్న రాలేదు." అన్నయ్య అని నేను రాసిన చోట అది నాన్న అని మార్చుకుంది.

వదినా, ఆ వాక్యం అబద్ధం.

శనివారాలు బందరులో వేదవతి మేడం గారి దగ్గరకి వెళ్తున్నానని నీకు తెలుసుగా. ఆవిడ రిటైరైన తెలుగు లెక్చరరు. వాళ్ళ వరండాలో ఏడెనిమిది మందిమి కూర్చుని మాకు జరిగినవాటిని వ్యాసాలుగా రాస్తాం. మొదటి రోజే ఆవిడ అన్నారు: "జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ పోతే అది గోడు. అది మిమ్మల్ని ఏం చేసిందో తేల్చుకుంటే వ్యాసం. చెయ్యి ఆగిపోయిన చోటే అసలు సంగతి ఉంటుంది. దాన్ని దాటెయ్యకండి." నా చెయ్యి ఎక్కడ ఆగిందో నాకు తెలుసు. దాటేశాను. దాటేసిన చోట ఆ అందమైన వాక్యం పెట్టాను. పేపరు ఆదివారం అనుబంధంలో వచ్చాక అందరూ మెచ్చుకున్నది దాన్నే. మేడం గారు నా రెండు చేతులూ పట్టుకుని, "ఒక్క అబద్ధపు మాట లేదమ్మా ఇందులో" అన్నారు. నేను చేతులు విడిపించుకుని వాళ్ళ పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఆ మధ్యాహ్నం కరెంటు వచ్చి అప్పటికే పావుగంటైంది. నీళ్ళకి గాలి అందించే ఏరియేటరు చక్రానికి నాచు చుట్టుకుందని అన్నయ్య స్టార్టరు ఆపేసి రొయ్యల చెరువులోకి దిగాడు. నేను సెలవలకి వచ్చి, చెరువు చూస్తానని సరదాగా వెంట వెళ్ళానుగా. మోటారు షెడ్డు దగ్గర నిలబడ్డాను. అక్కణ్ణుంచి అన్నయ్య నాకు కనపడలేదు, గట్టెక్కేశాడనుకున్నాను. షెడ్డులోకి వెళ్ళింది నేనే. అన్నయ్య ఇంకా చక్రం దగ్గరే ఉండగా స్టార్టరు పచ్చ బటన్ నొక్కింది నేనే. ఎందుకు నొక్కానని అడగకు వదినా. బుర్ర పనిచెయ్యలేదు, అంతే.

చెరువు కాపలా ఉండే తోమాసు మేత బస్తాల కోసం ఊళ్ళోకి వెళ్ళాడు. ఎవరూ చూడలేదు. వచ్చినవాళ్ళందరూ "కరెంటు వచ్చేసుంటుంది పాపం" అన్నారు. పోలీసులూ అదే రాసుకున్నారు. నేను తలూపాను. మూడేళ్ళ నుంచీ తలూపుతూనే ఉన్నాను.

ఇంట్లో మిక్సీ కూడా మా ఆయనే వెయ్యాలి. ఎందుకని అడగడం కూడా మానేశారు. బళ్ళో పిల్లలకి "మీకు జరిగిన సంఘటన రాయండి" అని చెప్పి, వాళ్ళు తలలు వంచి రాసుకుంటుంటే బయటికి వచ్చి వరండాలో నిలబడుతున్నాను. ఆ పిల్లల్లో ఒక్కరికున్నంత ధైర్యం కూడా నాకు లేదు. నిద్ర మాత్రలు కూడా పనిచెయ్యడం లేదు.

హాసిని చేత అది చదివించకు. నా అబద్ధాన్ని దాని నోట పలికించకు. నువ్వు నన్ను పోలీసులకి చెప్పినా, ఇక గడప తొక్కవద్దన్నా సరే. ఏమీ అనకుండా మాత్రం ఉండకు. అది తట్టుకోలేను.

నీ ఆడపడుచు,
కల్పన


నాగాయలంక,
ఆగస్టు 9.

అమ్మా కల్పనా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వ్యాసంలో ఒక వాక్యం వదిలేశానని రాశావు. ఈ ఉత్తరంలో కూడా ఒకటి వదిలేశావు. కావాలనే వదిలేశావు.

ఎందుకు నొక్కావో నేను అడగక్కర్లేదు. నొక్కమన్నది నేనే.

గాలి చాలక రొయ్యలు పైకి తేలుతున్నాయని పక్క చెరువు వాళ్ళు చెబితే కంగారుపడి నీకు ఫోన్ చేశాను. "మీ అన్నయ్య ఫోన్ ఎత్తడం లేదు, ముందు నువ్వెళ్ళి ఏరియేటర్లు వెయ్యి" అన్నాను. "అన్నయ్య ఎక్కడున్నాడో చూసొచ్చి వేస్తా వదినా" అన్నావు నువ్వు. "తర్వాత చూద్దువుగాని, ముందు వెయ్యి" అని నీ మీద అరిచాను. నువ్వు ఫోన్ పెట్టెయ్యలేదు. చక్రాలు తిరిగిన చప్పుడు విన్నాను. "వేశాను వదినా" అన్నావు. ఆ తర్వాత నీ కేక విన్నాను. ఫోన్ కట్ చేసింది నేను. తోమాసు పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పినప్పుడు, అప్పుడే తెలిసినట్టు ఏడ్చాను.

మొదట్లో నువ్వు ఎవరికైనా చెప్పేస్తావేమోనని భయపడేదాన్ని. నువ్వు చెప్పలేదు. అప్పుడు నీ మీద కోపం వచ్చింది. చెప్పకుండా నన్ను కాపాడుతున్నావని కోపం. నిన్ను అసహ్యించుకున్న రోజులు కూడా ఉన్నాయి కల్పనా, దాచడమెందుకు. బటన్ నొక్కింది తను కదా, నేను కాదు కదా అని వంట చేసుకుంటూ నాలో నేనే వాదించుకునేదాన్ని. నీ వ్యాసం పేపర్లో వచ్చిన రోజు ముందుగా వెతికింది ఆ ఫోన్ కోసమే. కనపడలేదు. హమ్మయ్య అనుకున్నాను. అందుకే హాసిని చేత చదివించాలనుకున్నాను. ఊరందరి ముందూ ఆయన కూతురే చదివేస్తే ఇక అదే నిజమైపోతుందని. నువ్వు వాక్యమే రాశావు. నేను దాన్ని కన్నకూతురి చేత బట్టీ పట్టించాను.

హెడ్మాస్టరు గారికి వద్దని చెప్పేశాను. నిన్న సాయంత్రం హాసినిని కూర్చోబెట్టి అంతా చెప్పాను. ముందు నా ఫోన్ సంగతి, తర్వాత నీ బటన్ సంగతి. ఏడవలేదు. వ్యాసం కాగితాలు మడిచి స్కూలు బ్యాగులో పెట్టుకుంది. "నాన్నకి నొప్పి పుట్టిందా అమ్మా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. "అత్తకి తెలుసుగా" అంది. అప్పట్నుంచీ నాతో మాట్లాడటం లేదు.

దానికి జవాబు నీ వ్యాసంలోనూ లేదు, ఉత్తరంలోనూ లేదు. మోటారు ఆపి ఆయన్ని ఒడ్డుకి లాగింది నువ్వొక్కదానివే. ఆఖరుగా ఆయన మొహం చూసింది నువ్వు. నాకు కూడా తెలియాలి. మూడేళ్ళుగా అడిగే అర్హత లేదనుకుని ఊరుకున్నాను.

ఈ ఉత్తరం తోమాసు చేత పంపుతున్నాను. అతనితోనే బస్సెక్కి రా. ఏం రాయాలో, ఎవరికి చెప్పాలో తర్వాత ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం. పిల్ల వీధి తలుపు దగ్గర కూర్చుని ఉంది.

నీ వదిన,
ఝాన్సీలక్ష్మి