సింహం పక్కన నీ మోకు

నాయినా,

మోకు తెగి నువ్వు తాటిచెట్టు మీంచి పడి చనిపోయి ఇవాళ్టికి ఆరేళ్లు. ఇవాళే ఇక్కడ, ఈ పరాయి దేశంలో, ఎర్లాంగెన్ ఊళ్లో, మా అత్తగారింట్లో నీ గురించి అడిగారు.

వీళ్లకు తాతల నాటి ఇంటి గుర్తు ఉంది. వాపెన్ అంటారు. డాలు మీద సింహం. కొడుకు పెళ్లయితే దాని పక్కనే కోడలి పుట్టింటి డాలు కూడా గీయించి గోడకు పెడతారు. కాగితం మీద నా డాలు ఖాళీగా ఉంది. చిత్రకారుడు పెన్సిల్ పట్టుకుని, "మీ నాన్నగారి గుర్తు ఏమిటి?" అన్నాడు.

నీకు సొంత తాటితోపు ఉండేదని, నువ్వు జ్వరంతో పోయావని పెళ్లికి ముందు వీళ్లకు చెప్పింది నేనే. పొద్దున ఫోన్‌లో అమ్మ కూడా, "పులి బొమ్మ పెట్టియ్యి బిడ్డా. మోకు ముచ్చట తియ్యకు, ఇజ్జత్ పోతది" అంది.

మామగారు నా ముఖంలోకే చూస్తున్నారు.

"తోపు మాది కాదు. మా నాయిన చెట్లెక్కి కల్లు గీసేవాడు" అన్నాను.

నేనే పెన్సిల్ అందుకుని, నడుముకూ చెట్టుకూ కలిపి నువ్వు బిగించుకునే మోకు గీశాను.

చిత్రకారుడు సింహాన్ని చెరిపి మళ్లీ గీశాడు. ఈసారి దాని ముఖం నీ మోకు వైపు ఉంది. కోడలి డాలుకు వీపు చూపించడం మర్యాద కాదట.

మామగారు మోకు బొమ్మ మీద వేలు పెట్టి, "ఈ తాడు మనిషి బరువు ఆపుతుందా?" అని అడిగారు.

ఆపుతుందన్నాను. ఇవాళ నేను చెప్పిన అబద్ధం అదొక్కటే.