నెకేసా చపాతీలు

నెకేసా అక్కా,

దొంగనోట్లు అంటగడతారని నువ్వు తిట్టాక, నా గదికొచ్చే మగవాళ్ళ దగ్గర నోట్లు తీసుకోవడం మానేశాను. కానీ ఫోనులో డబ్బు పంపితే నా పూర్తి పేరు, నాన్న పేరుతో సహా, వాళ్ళకి కనబడుతోంది. మొన్నొకడు చొక్కా వేసుకుంటూ "వెళ్ళొస్తానే, వంజాలా కూతురా" అన్నాడు. నాన్న పేరు ఆ నోట వినలేకపోయాను.

అందుకే డబ్బు పంపేవాళ్ళకి నా పేరు బదులు కొట్టు పేరు కనబడే నంబరు తీసుకోవడానికి వెళ్ళాను. "ఏం కొట్టమ్మా?" అని ఏజెంటు అడిగితే "నెకేసా చపాతీలు" అనేశాను. ఈ మొంబాసాలో మనిద్దరం పెడదామనుకున్నదే కదా!

నిన్నొకడు డబ్బు పంపి, ఫోను చూసుకుని, "చపాతీలేవే మరి?" అన్నాడు. పకపకా నవ్వాను. వాడు వెళ్ళాక ఏడుపొచ్చింది.

పెనం తీసుకుని బస్సెక్కు అక్కా. కొట్టుకి పేరుంది, నంబరుంది, గిరాకీ కూడా ఉంది. నువ్వే లేవు.

నీ చెల్లి