ఒర్రె మీద గీత

జూలై 20, 2008. ఆదివారం
నిర్ణయం తీసుకున్నాను! ఇంటర్నెట్‌లో ప్రపంచమంతా కలిసి ఒక మ్యాపు గీస్తోంది. ఎవరైనా గీయొచ్చు. అందులో మా ఉప్పునుంతల వైపు చూస్తే ఒక రోడ్డు, చుట్టూ తెల్లకాగితం. ఇక ఒర్రెల మీద, అంటే చిన్న వాగుల మీద, కాలువల మీద జనం నడిచే చిన్న వంతెనలన్నీ నేనే ఎక్కిస్తాను. రోజుకొకటి. హైదరాబాద్ దోస్తు దగ్గర్నుంచి జీపీఎస్ యంత్రం కూడా తెచ్చాను.

మా ఆవిడ మాలతి: “ఇంట్ల నల్లా కారుతున్నది. గది సూస్తవా, ఒర్రెలు సూస్తవా?”

ఒర్రెలే.

జూలై 21
ఉదయం 6: మొదటి వంతెన. అనంతయ్య మామ పొలం దగ్గర, ఒర్రె మీద పక్కపక్కనే రెండు తాటిమొద్దులు. మామవే. అవతలి వాడ వాళ్లు ఊళ్లోకి వచ్చేది వీటి మీదుగానే.

సాయంత్రం: నాగర్‌కర్నూల్‌లో నేను పాఠాలు చెప్పే కంప్యూటర్ సెంటర్‌లో కూర్చుని ఎక్కించాను. ఇంత చిన్న వంతెనను చుక్కగా పెట్టాలా, గీతగా గీయాలా అని ఆ సైట్‌లో దూరదేశాల వాళ్లు కొట్టుకుంటున్నారు. అటూ ఇటూ బాటతో కలిపి నేను గీతే గీశాను. పేరు: అనంతయ్య వంతెన. ఎంత బాగుందో!

జూలై 22
ఇవాళ రెండు! ఒకటి పాత కరెంటు స్తంభం, ఒకటి షాబాద్ బండ. ఈ లెక్కన దసరాకు మండలం పూర్తి.

జూలై 24
నిన్న వాన. ఒక్కరోజుకు ఏమీ కాదు. ఇవాళ మ్యాపు ప్రింటు తీసి అనంతయ్య మామకు ఇచ్చాను. మురిసిపోతాడనుకున్నాను.

“గిదేంది?”

“నీ మొద్దులే మామా. దునియంత కనబడ్తయి.”

“ఎవల్నడిగి గీసినవ్ తిరుపతీ? ఇయ్యాల గీత, రేపు రోడ్డు. మా తమ్ముని చెలక భూమి గట్లనే రోడ్డు కింద పాయె.”

జూలై 25
మొద్దులు లేవు. మామ ఎడ్లు కట్టి తన గట్టు మీదికి లాగేసుకున్నాడు. సంగతి విని స్తంభం రైతు కూడా తీసేశాడు. బండ ఇంకా ఉంది. బరువెక్కువ కాబట్టి.

నేను గీసినవల్లా మాయమవుతున్నాయి. ఈ సంగతి సైట్ చర్చలో ఎక్కడా లేదు.

జూలై 28
పడిశం. వాన. జీపీఎస్ బ్యాటరీలు అయిపోయాయి. అసలు ఆషాఢంలో కొత్త పని మొదలుపెట్టకూడదని ఇప్పుడు గుర్తొచ్చింది.

జూలై 30
అవతలి వాడ నుంచి బుజ్జమ్మ వచ్చింది, నడుము దాకా తడిసి. కోడలు మానసకు నెలలు నిండాయట.

“నొప్పులొస్తె దవాఖానకు ఎట్ల తోల్కపోవాలె సారూ? ఒర్రె నిండ పారుతున్నది. నీ గీత జర తుడ్వరాదూ?”

సిగ్గేసింది. వెంటనే సెంటర్‌కు ఉరికాను. కరెంటు లేదు.

జూలై 31
బాటలు ఉంచి, వంతెనల గీతలన్నీ తుడిచేశాను. వెళ్లి అనంతయ్య మామకు చెప్పాను.

“తుడ్సినవని నాకేం ఎరుక?”



ఆగస్టు 2
తెల్లవారగానే అవతలి గట్టు మీద బుజ్జమ్మ కేకలు. మానసకు నొప్పులు. నేను ఉరికేసరికి అనంతయ్య మామ నడుములోతు నీళ్లలో ఉన్నాడు. ఎడ్లతో మొద్దులు తెచ్చి వేస్తున్నాడు. నేనూ దిగి పట్టాను. బుజ్జమ్మ చెయ్యి పట్టుకుని మానస ఒక్కో అడుగే వేసి దాటింది. ఇవతల ఆటో ఎక్కించాం. ఆటో వెళ్లిపోయాక మామ టవల్‌తో తల తుడుచుకున్నాడు.

“మొద్దులు నావి. తొవ్వ అందరిది. గది నోటితోనే ఉండాలె. మల్ల రాసినవో, మల్ల గుంజుకుంట.”

ఆగస్టు 3
ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం.

మ్యాపు తెరిచి చూశాను. బాట ఒర్రెకు ఇటు ఆగిపోతుంది, అటు మళ్లీ మొదలవుతుంది. మధ్యలో ఏమీ లేదు. ఆ ఏమీ లేని చోటు మీదుగానే బిడ్డను ఇంటికి తీసుకుపోతారు. అలాగే వదిలేశాను.

శ్రావణం వచ్చింది. కొత్త నిర్ణయం! రేపటి నుంచి బావులు. రోజుకొకటి. ఈసారి ముందు అడిగి గీస్తాను.