బోర్డు బాగానే ఉంది

సిరిసిల్ల, మంగళవారం రాత్రి

రాజేశం అన్న మరమగ్గం బోర్డు ఇక పనికిరాదని పోయిన నెల చెప్పింది నేనే. పాడైన కెపాసిటర్ మార్చినా, నా రిపేరు టేబుల్ మీద కరెంటు ఇవ్వగానే ఆగిపోయేది. పవర్ సప్లై మీద మాత్రం సరిగ్గా అయిదు వోల్టులు కనిపించేవి.

ఇవాళ సప్లై వెనక వోల్టేజీ కొలవడానికి ఉండే సెన్స్ టెర్మినళ్ల నుంచి రెండు వైర్లు తెచ్చి బోర్డు దగ్గరే బిగించాను. ఇన్నాళ్లూ నా పొడుగాటి సన్న వైర్లే దారిలో వోల్టేజీ తినేశాయి. ఇప్పుడు సప్లై బోర్డు దగ్గరే కొలిచి, తగ్గినంత కలిపి పంపింది. బోర్డు గంటసేపు ఆగకుండా నడిచింది.

అన్న ఇప్పుడు కోరుట్లలో వాచ్‌మన్. ఫోన్ చేశాను.

“అన్నా, నీ బోర్డు మంచిగనే ఉన్నది. తప్పు నాదే.”



“మగ్గం తుక్కు కింద అమ్మిన చెల్లె. గీ ముచ్చట ఇప్పుడెందుకు చెప్తున్నవ్?”

తిట్టినా బాగుండేది. నేను పనికిరావన్న బోర్డులు అట్టపెట్టెలో ఇంకా ఉన్నాయి. పరీక్షించడానికి చేతులు రావడం లేదు. వాటిలో ఏ ఒక్కటి నడిచినా, మళ్లీ ఎవరికో ఫోన్ చేయాలి.