చివరి పేజీలో లేని ఉడత

అక్కా,

నా బొమ్మల పుస్తకంలో తప్పు పట్టుకున్నది అచ్చువేసినవాళ్లు కాదు, ఇప్పుడిప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న నీ కూతురు. "మామయ్యా, జంతువులన్నిటికీ ఇల్లు దొరికింది కదా, మరి ఉడతేదీ?" అని ఫోన్లో నిలదీసింది. మొదటి పేజీలో వానలో తడుస్తూ బయలుదేరిన ఉడతను చివరి పేజీలో వెయ్యడం ఈ మహా చిత్రకారుడు మర్చిపోయాడు. ఏనుగుని మాత్రం మంచమెక్కించాడు.

ఆ ఇల్లు మీదేనని గుర్తుపట్టే ఉంటావు. సొంతంగా ఊహించడం చేతకాక మీ పచ్చ తలుపు, విరిగిన మెట్టు అచ్చంగా దించేశాను.

నెలాఖరుకి నా గది ఖాళీ చెయ్యమన్నారు. ఫోన్లో చెప్పడానికి మొహం చెల్లలేదు. బావగారు సరేనంటే, ఆదివారం ఉడత వస్తోందని పాపకి చెప్పు. మంచం అక్కర్లేదు, అది ఏనుగుకే ఉండనీ.

నీ తమ్ముడు