నీలగోళం మూడు సంచికల మీద అక్క అభిప్రాయం

కొడకండ్లల ఉన్న నా తమ్ముడు నరహరికి, భీవండి నుంచి అక్క భాగ్య వెయ్యి దీవెనలు పెట్టి రాస్తున్నది. నేను, మీ బావ పాణంతోని మంచిగనే ఉన్నం. బాపు మోకాళ్ల నొప్పి ఎట్లున్నది? అవ్వ యాళ్లకు తింటున్నదా, లేకుంటె పనిల పడి మర్సిపోతున్నదా? జనగామ ఊరేగింపుల నీకు లాఠీ దెబ్బ తాకిందని సాయన్న చెప్పిండు. భుజమా, చెయ్యా అని అడిగితె సక్కగ చెప్తలేడు. కుడి చెయ్యికి తాకి ఉంటె మాత్రం జర దవాఖానకు పోయి సూపించుకో. ఆ చెయ్యి ఒక్క నీదే అనుకుంటున్నవేమో, కాదు.

సాయన్న మొన్న సెలవునాడు పగటిపూట దిగిండు. ఎప్పటి లెక్కనే ఊరోళ్ల ఉత్తరాలు, మూటలు అన్ని మోసుకొచ్చి పంచిండు. అవ్వ పంపిన చింతపండు, పల్లీలు, కారంపొడి ముట్టినయ్. వాటి నడుమ గుడ్డల సుట్టి నువ్వు చేతితోని రాసి గీసిన బొమ్మల కథ మూడు సంచికలు, ఐదు, ఆరు, ఏడు. కారంపొడి పొట్లం పగిలి ఐదో సంచిక అట్ట మీద పడ్డది. పాపం, బొమ్మల ఉన్న చుక్కమ్మ ముక్కు ఎర్రగయింది. దులిపిన గని పోలే. నామీద కోపానికి రాకు, పొట్లం కట్టింది అవ్వ.

ఇక్కడ ముసురు పట్టి పది దినాలాయె. ఉతికిన బట్ట ఆరుడు లేదు. జొన్నపిండి దొరుకుతది, రొట్టెలు చేసుకుంటున్నం. పచ్చిపులుసు పోసుకొని తింటె రెండు నిమిషాలు మన ఇంట్ల కూసున్నట్టే ఉంటది. అన్నం కూరకు తక్కువ లేదు, అవ్వకు చెప్పు.

ఇగ అసలు ముచ్చట. "అక్కా, మొగమాటం లేకుంట రాయి" అన్నవ్. నాకు మొగమాటం ఎప్పుడున్నదిరా?

ఐదో సంచిక. చుక్కమ్మ ఆకాశనౌక దిగి నీలగోళం మీద మొదటి అడుగు పెట్టిన బొమ్మ ఉన్నది సూడు, అది అచ్చేసిన పత్రికలల్ల గూడ నేను సూడలే. తల మీద గాజు తొడుగు, లోపల కొప్పు, ముక్కుపుల్ల. మీ బావ సూడంగనే "గిదేంది, నీ మొగాన్ని బుడ్డిల పెట్టి మూతేసిండు" అని పడి పడి నవ్విండు. చుక్కమ్మ నేనేనని ఊరంతకు ఎరుకేనట. సంతోషం. గని గదువ గంత లావు నాకెప్పుడున్నది? ఎనిమిదో సంచికల తగ్గియ్యి.

గడియారాల రాజు మంచిగ కుదిరిండు. జనం దగ్గర రాత్రులను గుంజుకొని సీసాలల్ల నింపి దాసుకునే రాజు! గిది నీకెట్ల తట్టిందో గని, ఆ పేజీ మూడుసార్లు సదివిన. తప్పు ఏందంటె, పదకొండో పేజీల ఒక్క బొమ్మలనే నలుగురిని మాట్లాడిచ్చినవ్. ఏ మాట ఎవరిదో తెలుస్తలేదు. కాయిదం మిగిలియ్యాలని సూడకు. సిరా పొదుపు చెయ్యి గని జాగ పొదుపు చెయ్యకు.

ఆరో సంచిక అన్నిట్ల పెద్దది. భూమి మీద బళ్లు మూతబడుడు, పిలగాండ్లు రోడ్డెక్కుడు, చుక్కమ్మ తమ్ముడు చిన్నా జెండ పట్టుకొని ముంగట నడుసుడు. ఆకాశం కథల మన ఊరి కథ పెట్టినవ్, ఎక్కడ గూడ అతుకు కనవడలే. లాఠీలు లేసినంక మనుషులందరు పోయి, రోడ్డు మీద ఉత్త చెప్పులు మిగిలిన బొమ్మ ఒకటున్నది. ఒక్క మాట రాయలే దాని కింద. మంచిపని చేసినవ్. ఇక్కడ గూడ సెలవునాడు మనోళ్లందరు చాయ హోటలు కాడ జమైతరు, ఒకడు పేపరు సదువుతడు, మిగిలినోళ్లు ఇంటరు. తెలంగాణ వస్తది తమ్ముడా. ఎవలేమన్నా వస్తది. బళ్లు తెరుస్తరు, నీ పరీక్షలు గూడ అయితయ్. నాకు జర గూడ అనుమానం లేదు.

మళ్ల ఐదో సంచికకే వస్త, ఎందుకంటె అసలు కథ ఆడనే ఉన్నది.

మా పక్క రూముల రజియక్క ఉంటదని ఇంతకుముందు రాసిన గద. మానుకోట ఆమె, సంచులు కుడుతది. ఆమెకు తెలుగు సదువు రాదు, నేనే సదివి, బొమ్మలు సూపిస్త. ఐదో సంచిక సదివిన. నీలగోళంల నలభై సాంచెల మగ్గాలు వాటంతట అవే నడుస్తయ్, మనుషులు ఉత్తగ నిలబడి సూస్తరు. ఇంటింటికి నల్లా. గోడలు సున్నం లెక్క తెల్లగ. పగలు రాత్రి దీపాలు. ఒక్కొక్కలకు ఒక్కో కిటికి, కిటికిలకెళ్లి సముద్రం. రజియక్క సూది ఆపి మొత్తం ఇన్నది. ఇని, "అయ్యో అల్లా, గంత మంచి ఊరు యాడుందమ్మా? కిరాయికి ఒక్క రూము దొరుకుతదేమో అడుగు, మనిద్దరం పోదాం" అన్నది.

నేను నవ్వబోయిన. నవ్వు రాలే. ఆ ఊరు భీవండే. నేను రాసిన ఉత్తరాలు పక్కన పెట్టుకొని నువ్వు ఒక్కో బొమ్మ గీసినవ్. "సాంచెలు కరెంటుతోని నడుస్తయ్, మేము నిలబడి సూసుడే" అని రాసింది నేనే. "గల్లీల నల్లా ఉన్నది" అని రాసింది నేనే. సముద్రం ముచ్చట గూడ నేనే రాసిన, ఒక్కసారి పోయి సూసొచ్చి. నువ్వు ఒక్క అక్షరం తప్పు గీయలే. ఆ ఊర్లనే ఉండే రజియక్కకు మాత్రం అది ఏ ఊరో తెల్వలే.

అప్పుడు ఏడో సంచిక తీసిన. చిన్నా వాళ్ల బాపు మగ్గాన్ని ఇప్పుతడు. మగ్గం కర్రలతోని ఆకాశనౌక చేస్తడు, మగ్గంల అటిటు ఉరికే నాడెను ముంగట ముక్కు లెక్క పెడుతడు. నీలగోళానికి, అక్క దగ్గరికి పోతడు. బొమ్మలు ఎంత మంచిగున్నయో చెప్పలేను. గని ఆఖరి బొమ్మల నౌక నిలబడ్డ జాగ ఉన్నది సూడు, బల్ల, నీళ్ల కుండ, వేలాడే గంట, అది ఘన్‌పూర్ స్టేషను. నేను రైలెక్కిన నాడు ఆ బల్ల మీదనే కూసున్న, నేను గుర్తువట్టననుకున్నవా? దాని కింద "ఎనిమిదో సంచిక నీలగోళం నుంచి వెలువడును" అని గుండ్రటి అక్షరాలు. ఎనుక తెల్ల కాయిదాల మీద ఊరోళ్ల అభిప్రాయాలు. "చిన్నా నౌకల ఇంకొకలకు జాగ ఉన్నదా" అని మల్లేశం. దాని కింద "నాకు గూడ" అని సదానందం.

సాయన్నను పిలిచి అడిగిన. తల గోక్కున్నడు. "పిలగాండ్లు ముగ్గురు నా పాణం తీస్తున్నరు బిడ్డా. దసర పోయినంక తోల్కపోమంటున్నరు. ఇంట్ల చెప్పొద్దని ఒట్టు పెట్టిచ్చుకున్నరు. భాగ్యక్క గంత సుఖంగ ఉంటె మేమెందుకు ఈడ బడి లేక, పని లేక తిరుగుడు అంటున్నరు. నేనేమనాలె?"

నా సుఖం! ఓరి నా తమ్ముడా.

ఇను మరి. నీ నలభై సాంచెల బొమ్మ మీద "టక్ టక్" అని రాసినవ్. మగ్గం ఇంట్ల పుట్టినోడే చేసే తప్పు అది. టక్ టక్ మన బాపు మగ్గం చప్పుడురా. ఒక్క మనిషి, ఒక్క కాలు, ఒక్క చెయ్యి చేసే చప్పుడు. దాని నడుమ అవ్వ పిలిస్తె ఇనవడుతది, బాపు పాట పాడుతడు. ఇక్కడి చప్పుడుకు అక్షరాలు లేవు. పక్కన నిలబడి ఒర్రినా ఇనవడది, చేతులతోని, కండ్లతోని మాట్లాడుకుంటం. నీ పేజీ మొత్తం నల్ల సిరా పోసినా ఆ చప్పుడు రాదు.

రెండేండ్లు సాంచెల నడుమ పని చేసిన. నా ఎడమ చెవి పోయింది. ఒక్కసారి పోలే, ఉప్పు కరిగినట్టు కొంచెం కొంచెం పోయింది. దవాఖానల సూపించుకున్న, ఇగ రాదన్నరు. మీ బావ ఎడమ దిక్కు నుంచి పిలిస్తె పలుకను, అలిగిన్నని ఆయన కొన్నాళ్లు బతిలాడిండు. మంచిగనే అనిపించింది, చెప్పలే. నల్లా గల్లీల ఉన్నది నిజమే, నలభై ఇండ్లకు ఒక్కటి. దీపాలు పగలు రాత్రి వెలుగుతయ్, ఎందుకంటె సాంచెలు ఆగవు. కిటికిలకెళ్లి సముద్రం కాదు, పక్కింటోళ్ల గోడ.

ఎందుకు రాయలే అంటవా? మొదటి ఉత్తరం రాసేటప్పుడు అవ్వ ఏడుస్తదని భయం. అవ్వ నా ఉత్తరం రెండుసార్లు సదివిచ్చుకొని చెంగుల కట్టుకుంటదని నువ్వే రాసినవ్ గద. రెండో ఉత్తరంల మాట మారిస్తె మొదటిది అబద్ధమైతది. ఇగ గట్లనే నడిచింది.

గని నన్ను తక్కువ అంచనా వెయ్యకు. నేను ఏడ్సుకుంట కూసోలే. ఇప్పుడు వేరే రూముల నూలు కండెలు సుడుతున్న, ఆడ చప్పుడు తక్కువ. గాలి ఆడుతలేదని పదిమంది ఆడోళ్లం ఒక్కదినం కండె ముట్టలే. సేటు ఒర్రిండు, ఒర్రి ఒర్రి అలసి గోడ పగలగొట్టిచ్చి కిటికి పెట్టిచ్చిండు. ముంగట నిలబడ్డది నేనే. మీ బావ నేను ఇద్దరం మా రెక్కల మీద బతుకుతున్నం, ఎవల ముంగట తల వంచుతలేం. నేను ఎంచుకున్న బతుకు ఇది, నేను గెలుస్త. నువ్వు ఎంచుకోబోయేది నా బతుకు కాదు, నేను అల్లిన కథ. అందుకే కొట్లాడుతున్న నీతోని.

ఇంకో ముచ్చట. పని దిగి వచ్చినంక, అసలు సాంచెల ఖానా ఎట్లుంటదో నీకు సూపిద్దామని ఏడో సంచిక ఆఖరి పేజీల గీద్దామనుకున్న. చెయ్యి వణికి గీత నిలువలే. చిన్నప్పుడు నీకు ముగ్గులు నేర్పింది నేనే గద? సూడు ఆ గీత ఎట్లున్నదో. అందుకే తుడుపలే, ఉంచిన. నువ్వు ఇక్కడికొస్తె ఆర్నెల్లకు నీ గీత గూడ గట్లనే అయితది. చెప్పుల బొమ్మ గీసిన చెయ్యి అది. దానికి పని ఆడనే ఉన్నది, ఊరేగింపులు ఆడనే ఉన్నయ్. ఎనిమిదో సంచిక కొడకండ్ల నుంచే వెలువడాలె.

ఇగ నా అభిప్రాయం. ఎనుక తెల్ల కాయిదం మీద రాసిన, ఈ ఉత్తరంల గూడ దించుతున్న:

"నీలగోళం బొమ్మలు బహు బాగున్నవి. నీలగోళం మాత్రం లేదు. అది ఉన్నదని చెప్పింది నరహరి కాదు, నేను. నా ఎడమ చెవి సాంచెల చప్పుడుకు పోయింది. అవ్వ ఏడ్వొద్దని రాయలేదు. మల్లేశం, సదానందం, చుక్కమ్మ దగ్గరికి రావాలనుకునే పిలగాండ్లందరు ముందు ఇది తెలుసుకోండి. కొడకండ్ల భాగ్య."

కొత్త సంచిక తెచ్చిననాడు లైబ్రరీ వసారల నిలబడి పోయిన సంచిక అభిప్రాయాలన్నీ నువ్వే సదువుతవ్. అవ్వ ముంగట వరుసల కూసుంటదట, చుక్కమ్మ తల్లి వచ్చింది జరుగుండ్రి అని అందరు జాగ ఇస్తరట. అది యాదిల పెట్టుకొనే రాసిన. ఆ కాయిదం చింపేసేటోనివి కాదు నువ్వు, నాకు ఎరుకే. గట్టిగ సదువు. నడుమల ఆపకు. సదివినంక గూడ నీకు రావాలనిపిస్తె, అందరి ముంగట అవ్వనే అడుగు. ఆమె పో అంటె, కల్యాణ్ స్టేషన్ల నేనే వచ్చి నిలబడుత, ఒక్క మాట అనను.

సాయన్న ఎల్లుండి బయలెల్లుతున్నడు. మూడు సంచికలు, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్న. రజియక్క నీకు సలాం చెప్పుమన్నది, గడియారాల రాజును చంపొద్దట, ఆయన సీసాలు పగలగొడితె చాలంటున్నది. వచ్చేసారి ఎండు చింతాకు దొరికితె జరంత పంపు.

బాపు కాళ్లకు నా దండాలు. పెద్దనాయినకు, చిన్నమ్మకు, లైబ్రరీ పంతులుకు అడిగిన్నని చెప్పు. వాళ్లందరి దీవెనలు నాకు, మీ బావకు కావాలె. అవ్వకు నా దండం ఇప్పుడే చెప్పకు. ఆ పేజీ సదివినంక, కండ్లు తుడ్సుకున్నంక, అప్పుడు చెప్పు.

నీ అక్క
భాగ్య